రేవు లెక్కలో మూడు గింజలు

కంపెనీలో నా పని పేరు బిల్లుల గుమాస్తా. అసలు పని తిట్లు తినడం. నరసాపురం ఆఫీసులో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద సిరాబుడ్డి, దానికి అటువైపు ఎప్పుడూ కోపంగా ఉన్న మనిషి ఒకడు. పాతికేళ్ళకు పైగా నా కళ్ళ ముందు మారనిది అదొక్కటే. ఇప్పుడు పెనుగొండలో మా నాన్నగారి కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఈ మధ్య మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు అలాంటి కంపెనీల్లోనే చేరారు. పని ఎలా ఉంటుందని అడుగుతారు. జీతం ఎంత, సెలవులు ఎన్ని అని అడిగితే చెప్పడం తేలిక. పని ఎలా ఉంటుందో చెప్పాలంటే నలభై ఒకటో నంబరు సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పద్ధతి

కాలవలు సర్కారువి, లాకులు సర్కారువి. కాలవ పొడుగునా సరుకు ఎక్కించి దింపే రేవులు మాత్రం చాలావరకు మా కంపెనీవి. రేవులో పడవ ఆగితే ఆగిన ప్రతిసారికీ ఇంత అని రుసుము. నెలాఖరున అంతా కలిపి బిల్లు పంపేవాళ్ళం. ఖాతా ఉన్న ప్రతి పడవకూ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఇచ్చి, పడవ ముక్కుకు కొట్టించేవాళ్ళం.

పుస్తకంలో ఉన్న పద్ధతి ప్రకారం రేవు కాపలాదారు ఆ బిళ్ళ చూసి చిట్టాలో రాయాలి. నరసాపురం దగ్గర ఆఖరి రేవులో అప్పలస్వామి అనే ముసలాయన ఉండేవాడు. ఆయనకు రాయడం రాదు. తన పాకలో ఒక చెక్క మీద మట్టి మూకుళ్ళు వరసగా పేర్చుకున్నాడు, నంబరుకు ఒకటి. పడవ వస్తే ఆ మూకుట్లో ఒక చింతగింజ వేసేవాడు. నెలాఖరున మా ఆఫీసు మనిషి వెళ్ళి గింజలు లెక్కపెట్టి జాబితా రాసుకొచ్చేవాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ రేవుకు ముందు కాలవకు పెద్ద మలుపు ఉంది. ఎదురుపడవ గుద్దుకోకుండా మలుపులో ప్రతి పడవవాడూ కొమ్ము ఊదేవాడు. గేదె కొమ్ముకు కన్నం పెట్టి చేసుకునే బూర అది. ఒక్కొక్కడిది ఒక్కో వరస. ఆ వరస వింటే చాలు, ఎవరొస్తున్నారో రేవులో అందరికీ తెలిసిపోయేది.

ఈ గింజల లెక్కను మేము ఆఫీసులో ఎగతాళి చేసేవాళ్ళం. కానీ అన్ని రేవుల్లోనూ తప్పులు తక్కువ వచ్చేది అక్కడినుంచే. చదువుకున్న కాపలాదారులు ఇంట్లో పడుకుని నిన్నటి చిట్టానే మళ్ళీ రాసేవాళ్ళు. పిఠాపురం వర్తకుడొకాయన తన పడవ మరమ్మతులో ఉండగా ఇరవైసార్లు రేవుకొచ్చినట్టు బిల్లు వేశారని నా బల్ల మీద గొడుగు విరిగేలా కొట్టాడు. ఆయన మాట నిజమే. ఆ గొడుగు ఖరీదు ఇప్పించమని ఆయన అడగలేదు, ఇప్పిస్తానని నేను అనలేదు.

భీమశంకరం గారి ఎర్రసిరా

నా పైన హెడ్డు గుమాస్తా భీమశంకరం గారు. మంచివారే. కాకపోతే ఫిర్యాదంటే ఆయనకు దోమతో సమానం, చప్పుడు ఆగితే చాలు. "ఎర్రసిరాతో కొట్టెయ్యవయ్యా, పోతాడు" అనేవారు. కొట్టేసేవాళ్ళం, పోయేవాడు. వచ్చే నెల అదే బిల్లు పట్టుకుని మళ్ళీ వచ్చేవాడు. బిల్లు కొట్టేశామే గాని అది పుట్టిన చోటికి వెళ్ళి చూడలేదు కదా. ఈ ముక్క నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. తెలిశాక నేనే పెద్ద తెలివైనవాడిననుకున్నాను. నలభై ఒకటో నంబరు నా దగ్గరికి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఎర్రయ్య

కార్తీకంలో గాలివాన వచ్చింది. ఎండుచేపలు కాలవల మీద తిప్పి అమ్ముకునే సత్తియ్య అనే పల్లెకారు, సరుకు తేవడానికి గోదావరి మొగ దాకా వెళ్ళి పడవతో సహా పోయాడు. నాలుగు చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు. అతని ఖాతా నంబరు నలభై ఒకటి.

మార్గశిరం దాటాక అతని తమ్ముడు ఎర్రయ్య నా బల్ల ముందుకొచ్చాడు. అన్న ఖాతాకు జామీను అతనే. చేతిలో బిల్లు ఉంది. నలభై ఒకటో నంబరు పడవ ఆ నెల ఏడుసార్లు రేవుకొచ్చిందట.

"మా అన్న పోయేడండి. పడవ పోయిందండి. ఈ బిల్లేంటండి?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

పాత జాబితా చూసి రాసుంటారని నేను ఎర్రసిరాతో కొట్టేశాను. పుష్యం బిల్లు పట్టుకుని మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఏడు. ఈసారి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"గుమాస్తా గారండి, నాకు డబ్బుల గొడవ కాదండి. మీరు కొట్టేసినా రేవులో డబ్బులు మా వదినే కట్టేత్తందండి, ఎండుచేపలు అమ్మి. అది కాదండి. కులపెద్దలు ఏమన్నారంటే, రేవు లెక్కలో పేరు ఉన్నంతకాలం మనిషి ఉన్నట్టేనన్నారండి. కర్మ చెయ్యడానికి లేదంట. మా అన్న అక్కడ ఆకలితో తిరుగుతున్నాడండి. నాకు కల్లోకొత్తన్నాడండి. మీరు తేల్చి కాయితం ఇత్తే దినం చేసుకుంటామండి."

వదినే డబ్బు కడుతోందన్న మాట నేను విన్నాను. అయినా ఎందుకు కడుతోందని అడగలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే. ఫిర్యాదు చేసేవాడు ఒకడు, బిల్లు మోసేవాడు మరొకడు అయినప్పుడు రెండోవాడి దగ్గరికి ముందు వెళ్ళండి. నేను రేవుకు వెళ్ళాను.

మంచులో కొమ్ము

మాఘమాసం. శనివారం. పొద్దెక్కి చాలాసేపయినా మంచు విడలేదు. కాలవ నీళ్ళు కనిపించడం లేదు, చప్పుడు మాత్రం ఉంది. అప్పలస్వామి పాక ముందు కూర్చుని ఉన్నాడు. "నమస్కారమండి గుమాస్తా గారూ" అంటూ నాకు కుడిపక్కనున్న గుంజకు నమస్కారం పెట్టాడు. అప్పుడు చూశాను, రెండు కళ్ళ మీదా తెల్లటి పొరలు. ఎన్నేళ్ళ నుంచో ఆయన పడవల్ని చూడటం లేదు, వింటున్నాడు. ఆ సంగతి పైకి పొక్కితే అన్నం పోతుందని ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ఉద్యోగంలో చేసిన మంచిపనులు తక్కువే, వాటిలో ఇదొకటి.

"సత్తియ్య పడవ వస్తోందా తాతా?" అని అడిగాను.

"వత్తందండి."

"నువ్వు చూశావా?"

"విన్నానండి. నెలకి నాలుగు సార్లు కొమ్ము. ఇంకో మూడు సార్లు..." అని ఆగాడు. "ఆ మూడూ కొమ్ము కాదండి. నోటితో పిలుపండి. సేతులడ్డం ఎట్టుకుని పిలిత్తే ఎలాగుంటది, అలాగ. వరస మాత్రం ఆడిదేనండి. అందుకని గింజ ఏసేనండి."

కళ్ళు లేనివాడి చెవుల్ని నేను నమ్మలేదు.

అంతలో మలుపు దగ్గర కొమ్ము మోగింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఆఖరున చిన్న విరుపు. అప్పలస్వామి చెయ్యి తడుముకోకుండా నలభై ఒకటో మూకుడు మీదికి వెళ్ళింది. గింజ పడిన చప్పుడు వినిపించింది. రేవు మెట్ల దాకా పడవ ఏదీ రాలేదు. అయినా కంపెనీ మనిషిని కదా, గట్టు వెంట మలుపు దాకా నడిచాను.

మోకాటి లోతు నీళ్ళలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో. చేతిలో కొమ్ము. రెండు చేతుల నిండా గాజులు. సత్తియ్య భార్య పోలమ్మ.

దొంగ దొరికినందుకు నాకు సంతోషమేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషమేసింది.

"ఎవరు ఊదమన్నారు నిన్ను?" అన్నాను.

"ఎవరూ అనలేదండి బాబుగారూ. ఈ కొమ్ము పగులిచ్చిందని లక్క ఎట్టి ఎండలో ఆరేసేనండి. ఆ రోజు ఇది లేకుండానే ఎల్లిపోయేరండి. కొమ్ము లేకపోతే ఆయనొచ్చేడని రేవులో ఎవరికి తెలుత్తదండి? శనివారం శనివారం సరుకమ్మి ఇంటికొచ్చేవోరండి. అందుకని శనివారం ఊదుతున్నానండి."

"ఊరికే బిల్లు కడుతున్నావు కదా. నీకు దండగ కాదూ?"

"దండగేంటండి." నా తెలివితక్కువకు జాలిపడ్డట్టు చూసింది. "బిల్లు మీద ఆయన పేరుంటదండి. పేరుంటే ఇయ్యి ఉంటాయండి" అని చేతులు ఎత్తి చూపించింది. గాజులు కదిలాయి.

అలాంటప్పుడు గుమాస్తాలు చేసే పనే నేనూ చేశాను. కంపెనీ రేవులో దొంగలెక్క వేయించడం నేరమనీ, పోలీసులకు రాయాల్సి వస్తుందనీ బెదిరించాను. కొమ్ము ఇమ్మన్నాను. ఆమె గొడవ పెట్టుకోలేదు. కొమ్మును కాలవ నీళ్ళలో కడిగి, పైటతో లోపల దాకా తుడిచి, నా చేతిలో పెట్టింది.

నేను వెనక్కి తిరిగాక అడిగింది. "బాబుగారండి, నేను ఊదింది నాలుగు సార్లేనండి. బిల్లులో ఏడు ఉన్నాయంటండి. ఆ మూడూ ఎవరియ్యండి?"

"ముసలాయనకు చూపు ఆనదు. పొరపాటున వేసుంటాడు" అన్నాను.

నా బల్ల దగ్గరికి వచ్చిన వేలాది ఫిర్యాదుల్లో అసలైన ఫిర్యాదు అదీ. నీళ్ళలో నిలబడి ఒక మనిషి నన్నే అడిగింది. నేను దాన్ని రాసుకోలేదు. నాలుగింటికి కారణం దొరికింది కదా అని ఏడింటికీ దొరికిందనుకున్నాను.

కాయితం

నలభై ఒకటో నంబరు పడవ రేవుకు రావడం లేదని స్వయంగా విచారించి నిర్ధారణ చేసుకున్నానని రాసి సంతకం పెట్టాను. ఖాతా మూసేశాను. కొమ్మును ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను. భీమశంకరం గారు నా భుజం తట్టారు. "బిల్లు పుట్టినచోటికే వెళ్ళి పట్టుకున్నావయ్యా" అన్నారు. ఆ మెప్పు నాకు చాలా రోజులు తియ్యగా ఉంది.

పదిహేను రోజులకు ఎర్రయ్య వచ్చాడు, గుండు చేయించుకుని. ఆకులో చుట్టిన పండుగప్ప చేప ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేము తినమయ్యా అంటే నాలుక కరుచుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, "దినం అయ్యిందండి. ఇంక మా అన్న కడుపు నిండుద్దండి" అన్నాడు.

"మీ వదిన?" అన్నాను.

"ఏముందండి. పెద్దలు కూకుని గాజులు తీయించేరండి. ఇల్లూ వలా నా కిందికొచ్చేయి. అన్నం నేనే ఎడతానండి, ఒగ్గెయ్యను." అతను మాట తప్పే మనిషి కాదు. అయినా నాకు ఆ పూట భోజనం సయించలేదు.

ఫాల్గుణం జాబితా

నెలాఖరున రేవు జాబితా వచ్చింది. మూసేసిన ఖాతాల దగ్గర అడ్డగీత ఉండాలి. నలభై ఒకటికి ఎదురుగా మూడు అని ఉంది.

బీరువా తీశాను. కొమ్ము అక్కడే ఉంది. నేను పెట్టినప్పుడు అది ఆరిపోయి ఉంది, నాకు బాగా గుర్తు. ఇప్పుడు దాని కింద కాగితాలు గుండ్రంగా తడిసి ఉన్నాయి. తాళంచెవి మొలతాడుకే ఉంది. ఆఫీసు కప్పు కారేదన్నది కూడా నిజమే. రెండూ రాస్తున్నాను.

రేవుకు వెళ్ళాను. అప్పలస్వామి నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. "మీకు అప్పుడే సెప్పేను కదండీ. ఆ మూడూ కొమ్ముయి కాదండి" అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు.

మంచు పట్టిన రోజు కోసం ఆ పాకలో వరసగా మూడు పొద్దులు కూర్చున్నాను. మూడోనాడు మంచు దిగింది. ఇంకో పడవ ఏదీ లేని వేళ. గట్టు మీద మేకలు నెమరు వేయడం ఆపాయి. మలుపు వైపునుంచి పిలుపు వినిపించింది. మనిషి గొంతే. రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఆఖరున చిన్న విరుపు. దూరంగా ఉన్నవాడు అరిచినట్టు లేదు. బాగా అలిసినవాడు దగ్గర్లో నిలబడి పిలిచినట్టు ఉంది. తర్వాత రేవు మెట్లకు నీళ్ళు వచ్చి కొట్టుకున్నాయి, పడవ ఒడ్డుకు ఆనేటప్పుడు కొట్టుకున్నట్టే. మొదటి మెట్టు తడిసింది. రెండో మెట్టు తడిసింది. అక్కడ ఆగింది.

అప్పలస్వామి గింజ తీసి, మూకుట్లో వేయకుండా నా వైపు చెయ్యి చాపాడు. "మీరూ విన్నారు కదండీ. మీరే ఏసెయ్యండి."

నా చేత్తో వేశాను. భయమేసిందా అంటే వేసింది. అంతకన్నా ఎక్కువగా సిగ్గేసింది. రావడం లేదని నేను సంతకం పెట్టిన మనిషి అతను.

మూడు

మూసేసిన ఖాతాకు బిల్లు రాయకూడదు. రాశాను. మూడు సార్లు, సత్తియ్య పేరు మీద, నా చేతివ్రాతతో. భీమశంకరం గారికి చెప్పలేదు. బిల్లూ కొమ్మూ తీసుకుని పల్లెకు నేనే వెళ్ళాను. ఉద్యోగంలో చేరాక బిల్లు పట్టుకుని ఒకరి ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి.

మిట్టమధ్యాహ్నం. పోలమ్మ ఇసకలో చేపలు ఎండబెడుతోంది. చేతులు బోసిగా ఉన్నాయి. గాజులు ఉండే చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది.

బిల్లు ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు. "ఎన్నండి?" అంది.

"మూడు."

"ఈ నెల నేను ఊదలేదండి."

"తెలుసు. కొమ్ము నా దగ్గరే ఉంది. నేను వెళ్ళి విన్నాను, పోలమ్మా. వస్తున్నాడు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. బిల్లును నాలుగు మడతలు పెట్టి కొంగున ముడి వేసుకుంది. తర్వాత తలెత్తి నన్ను అడిగింది. గొంతు పెంచలేదు.

"అయితే నా గాజులు ఎవరు పగలగొట్టినట్టండి?"

తప్పు నాదని అన్నాను. ఆమె తల ఊపింది. అది నాకంటే ముందే ఆమెకు తెలుసు.

కొమ్ము చాపాను. తీసుకోలేదు.

"మీ కాడే ఉండనివ్వండి బాబుగారూ. కొమ్ము మీరట్టుకెళ్ళేరని ఆయనకి సెప్పేనండి. వచ్చి మిమ్మల్నే అడుగుతారు" అంది. శాపం పెట్టినట్టు అనలేదు. ఇంటి మనిషి కబురు చెప్పినట్టే అంది.

ఆఖరు మాట

ఎండాకాలం కాలవ కట్టేశారు. మళ్ళీ నీళ్ళు వదిలేసరికి అప్పలస్వామి లేడు. కొత్త కాపలాదారు చదువుకున్నవాడు, కంటితో బిళ్ళ చూసి చిట్టా రాసేవాడు. మూకుళ్ళు అవతల పారేశారు. నలభై ఒకటికి మళ్ళీ బిల్లు పుట్టలేదు. పిలుపు ఆగిపోయిందో, వినేవాడే లేకపోయాడో నాకు తెలియదు. పోలమ్మ ఆ రేవులోనే ఎండుచేపల బుట్ట పెట్టుకుంది. నేను ఉన్నన్నాళ్ళూ శనివారం పొద్దున ఆమె కాలవ వైపు తిరిగే కూర్చునేది. నన్ను చూస్తే పలకరించేది. నేనే తల దించుకునేవాణ్ణి.

అబ్బాయిలూ, లెక్క ఏడు ఉంటే ఏడింటికీ కారణం దొరికేదాకా సంతకం పెట్టకండి. నేను నేర్చుకున్నది ఇంతే. ఆలస్యంగా నేర్చుకున్నాను, ఖరీదు ఇంకొకరు కట్టారు.

కొమ్ము ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కాలవ మా ఇంటికి అరమైలు దూరం, పడవ ఇక్కడిదాకా రాదు. అయినా మంచు పట్టిన పొద్దున దాన్ని వీధి అరుగు మీద పెట్టి, తలుపు తీసే ఉంచుతాను. మా ఆవిడ దొంగలు పడతారంటుంది. ఎవరైనా వచ్చి తీసుకుంటే రసీదు అడగను. పేరు కూడా అడగను.